పెప్టైడ్ ఫిల్మ్ మీద ఊపిరి తగిలితే రెసిస్టెన్స్ పడిపోతోంది, కరెంట్ మోస్తున్నది అసలు ఎవరు?

ల్యాబ్‌లో_కొత్త

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే ఏమనుకోకండి. ఎమ్మెస్సీ ప్రాజెక్ట్ కోసం నాకు ఒక చిన్న పెప్టైడ్ ఇచ్చారు, ఏడే అమినో ఆమ్లాలు, అందులో రెండు గ్లుటామిక్, ఒక లైసిన్. నీళ్లలో వదిలేస్తే తనంతట తనే సన్నని పోగులుగా అల్లుకుంటుంది. గాజు పలక మీద రెండు బంగారు ఎలక్ట్రోడ్లుంటే వాటి మధ్య ఒక చుక్క వేసి ఆరబెట్టా. రెండిటి మధ్య దూరం 100 మైక్రాన్లు, ఎలక్ట్రోడ్ పొడవు 5 మిల్లీమీటర్లు, ఫిల్మ్ మందం సుమారు 1 మైక్రాన్.

మల్టీమీటర్ పెడితే ఏమీ చూపించలా. ఎక్కడో వైరు ఊడిందేమో అని ముఖం దగ్గరగా పెట్టి చూస్తుంటే ఉన్నట్టుండి అంకెలు మొదలయ్యాయ్, వెనక్కి జరిగితే మాయం, మళ్లీ వంగితే మళ్లీ అంకెలు. అర్థం కావడానికి ఐదు నిమిషాలు పట్టింది, నా ఊపిరి! తర్వాత డబ్బాలో పెట్టి తేమ 84 శాతానికి తెచ్చి చూస్తే 20 మెగా ఓమ్‌ల దగ్గర తచ్చాడుతోంది, నిలకడగా మాత్రం లేదు, మెల్లగా పైకి పాకుతోంది. మా గైడ్ గారేమో "ప్రోటీన్ కండక్ట్ చేస్తోంది, బావుంది, రాసెయ్" అన్నారు. నాకే నమ్మకం కుదరట్లేదు. ఇది నిజంగా పెప్టైడ్‌లోంచి పోయే కరెంటేనా?

ఓమ్‌కారం

ముందు నీ అంకెని కండక్టివిటీగా, అంటే కొలతలతో పని లేకుండా పదార్థం ఎంత బాగా కరెంట్ మోస్తుందో చెప్పే అంకెగా మార్చుకుందాం తమ్ముడూ, రెసిస్టెన్స్ చెప్తే ఎవరికీ ఏమీ తెలీదు. దూరం 0.01 సెంటీమీటరు, దాన్ని రెసిస్టెన్స్, ఎలక్ట్రోడ్ పొడవు 0.5, మందం 0.0001, ఈ మూడిటి లబ్ధంతో భాగించు. 20 మెగా ఓమ్‌లకి సెంటీమీటరుకి 10 మైక్రోసీమెన్స్ వస్తుంది. ఇది ఎంత అంటే, పరమ శుద్ధమైన నీరు 25 డిగ్రీల దగ్గర 0.055 మైక్రోసీమెన్స్, అంటే నీ ఎండిన ఫిల్మ్ శుద్ధజలం కన్నా నూటెనభై రెట్లు మెరుగు. ఇంకోవైపు ఫ్యూయల్ సెల్స్‌లో వాడే నాఫియాన్ బాగా తడిసినప్పుడు 0.1 సీమెన్స్ దాకా పోతుంది, దాని ముందు నీది పదివేల వంతు. మరీ చిన్న అంకె కాదు, గొప్ప అంకె కూడా కాదు, ఈ మధ్యరకం అంకెలతోనే అసలు తంటా అంతా, ఎందుకంటే ఇంత కరెంట్ ఏ చెత్త నుంచైనా రావచ్చు.

ఇంక పైకి పాకడం గురించి. మల్టీమీటర్ డీసీ పెడుతుంది. బంగారం ఎలక్ట్రాన్లని తప్ప దేన్నీ లోపలికి రానివ్వదు, బయటికి పోనివ్వదు. లోపల కదిలేవి అయాన్లయితే అవి వెళ్లి బంగారం గోడకి ఆనుకుని ఆగిపోతాయ్, వెనకొచ్చేవాటికి దారుండదు, కరెంట్ తగ్గుతూ పోతుంది, మీటరేమో రెసిస్టెన్స్ పెరుగుతోందనుకుంటుంది. ఎలక్ట్రాన్లయితే ఆ గొడవ లేదు, గంటసేపైనా అలాగే పారతాయ్. నీ దాంట్లో పాకుతోందంటేనే మోసేవి అయాన్లని నా అనుమానం.

0.2 వోల్టులు పెట్టి ఓ అరగంట కరెంట్ ఎలా మారుతుందో రికార్డ్ చేసి గ్రాఫ్ ఇక్కడ చెప్పు. 1.23 దాటితే నీళ్లు విడిపోవడం మొదలయ్యే అవకాశం ఉంది, అప్పుడు వచ్చే కరెంట్‌కి అర్థమే ఉండదు, కాబట్టి ఎక్కువ వోల్టేజి జోలికి పోకు.

ల్యాబ్‌లో_కొత్త

చాలా థాంక్స్ అండీ. మొదట్లో 5 వోల్టులు పెట్టి చూశా 🙈 ఆ రీడింగ్స్ అన్నీ కొట్టేస్తా.

(తమ్ముడు కాదండీ, చెల్లెలు)

ఓమ్‌కారం

అయ్యో, సారీ తల్లీ. 5 వోల్టుల ఫిల్మ్ కూడా పారెయ్, మళ్లీ వాడకు.

సూక్ష్మజీవి

ఇంత నిరుత్సాహం ఎందుకు సార్, ప్రోటీన్లు ఎలక్ట్రాన్లని మోయవని ఎవరన్నారు? జియోబాక్టర్ గురించి ఎవరూ ఎత్తలేదేంటి? 2005లోనే డెరెక్ లవ్లీ అనే శాస్త్రవేత్త గ్రూప్ వాళ్లు ఆ బాక్టీరియా ఒంటి మీద వెంట్రుకల్లాంటి పిలైల్లో కరెంట్ పోతుందని నేచర్ పత్రికలో రాశారు, 2011లో లోహంలా ప్రవర్తిస్తుందని కూడా చూపించారు. సుగంధ వలయాలు (బెంజీన్ లాంటి ఉంగరాలు) ఉన్న అమినో ఆమ్లాలు, అంటే ఫినైల్‌అలనిన్, టైరొసిన్ లాంటివి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటే ఎలక్ట్రాన్ మెట్లెక్కినట్టు వెళ్లిపోతుంది. చెల్లీ, నీ పెప్టైడ్‌లో ఫినైల్‌అలనిన్ ఉందా?

ల్యాబ్‌లో_కొత్త

రెండున్నాయి అన్నా, పక్కపక్కనే.

సూక్ష్మజీవి

చూశారా మరి!

నీటిబొట్టు

ఒక్క నిమిషం, ఆ కథ అక్కడితో ఆగలేదు. 2019లో రెండు వేర్వేరు గ్రూపులు ఆ తీగల్ని క్రయో-ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టి అణువు అణువుగా చూస్తే అవి పిలై కానే కావు, ఓఎంసీఎస్ అనే సైటోక్రోమ్ (హీమ్‌లు ఉండే ప్రోటీన్) ఒకదాని వెనక ఒకటి కలుపుకుంటూ పోయిన పోగు. ఒక్కో ముక్కలో ఆరు హీమ్‌లు, అంటే రక్తంలో హిమోగ్లోబిన్‌లో ఉండే ఇనుము బిళ్ల లాంటివే, పోగు పొడుగునా తెగకుండా బారు తీరి ఉన్నాయి. ఎలక్ట్రాన్ గెంతుతున్నది ఇనుము మీద నుంచి ఇనుము మీదకి, ప్రోటీన్ దానికి పట్టాలు బిగించిన చెక్క దిమ్మ లాంటిది అంతే. 2020లో ఓఎంసీజెడ్ అనే ఇంకోటి దొరికింది, అది ఓఎంసీఎస్ కన్నా వెయ్యి రెట్లు మెరుగట. 2021లో వచ్చిన పేపరైతే పిలై పని కరెంట్ మోయడం కాదు, ఈ సైటోక్రోమ్‌లని బయటికి తోయడం అంది.

కాబట్టి ఫినైల్‌అలనిన్ ఉంది గనక ఎలక్ట్రానే అనడానికి లేదు.

సూక్ష్మజీవి

లవ్లీ వాళ్లు దానికి ఒప్పుకోలేదు కదండీ. ఆ జీన్‌ని మార్చి సుగంధ వలయాలు తగ్గిస్తే కరెంట్ పడిపోయింది, ఎక్కువున్న పిలిన్ (పిలైని కట్టే ప్రోటీన్) పెడితే పెరిగింది, దానికేమంటారు? మైక్రోస్కోప్‌కి తయారు చేసే పద్ధతిలోనే పిలై పోయి సైటోక్రోమ్‌లు మిగిలి ఉండొచ్చు కదా.

నీటిబొట్టు

అనొచ్చు. పిలై దెబ్బతింటే సైటోక్రోమ్‌లు బయటికి రావడమే మారిపోతుంది కాబట్టి కరెంట్ కూడా మారుతుంది అని అటు వాళ్లూ అనొచ్చు, అన్నారు కూడా. నాకు మటుకు కళ్లముందు కనపడ్డ నిర్మాణం వైపే మొగ్గు. మీరు ఒప్పుకోనక్కర్లేదు.

చిలిపి_ఎలక్ట్రాన్

ఈ ఇద్దరూ కొట్టుకునే లోపు నేనొక పాత కథ చెప్తా. 1729లో స్టీఫెన్ గ్రే అనే ఆయన విద్యుత్తుని తాడు వెంట దూరంగా పంపడానికి ప్రయత్నిస్తూ ఆ తాడుని పట్టుదారాలతో వేలాడదీశాడు. దారాలు బరువాగక తెగితే వాటి చోట ఇత్తడి తీగ కట్టాడు, అంతే, విద్యుత్తు మొత్తం ఆ తీగ గుండా జారిపోయింది, అవతలి కొసకి ఏమీ చేరలేదు. కండక్టర్, ఇన్సులేటర్ అనే తేడా మనుషులకి తెలిసిందే అలా. పట్టు అంటే ఏంటి? ఫైబ్రోయిన్, నూటికి నూరుపాళ్లు ప్రోటీనే! తర్వాత చాలాకాలం రాగి తీగల మీద తొడుగుగా కూడా పట్టే చుట్టేవారు. అంటే మన సైన్సులో ప్రోటీన్ అడుగుపెట్టిందే "నేను కరెంట్ పోనివ్వను" అని.

గట్టుమీదోడు

ఇది నాకు తెలీదు, భలే ఉంది. మరి కండక్ట్ చేస్తుందని ఎవరు మొదలెట్టారు?

చిలిపి_ఎలక్ట్రాన్

విటమిన్ సీ కి నోబెల్ తెచ్చుకున్న సెంట్-గ్యోర్గీ. 1941లో, ప్రోటీన్లు సెమీకండక్టర్లు అయ్యుండొచ్చు, ఒక చోట పుట్టిన ఎలక్ట్రాన్ పెప్టైడ్ బంధాల గొలుసు వెంట ఇంకో చోటికి పోతుందేమో అన్నాడు. అందంగా ఉంది కదా ఆలోచన. 1949లో ఎవాన్స్, గెర్గెలీ లెక్కగడితే బ్యాండ్‌ల మధ్య అగాధం, అంటే ఎలక్ట్రాన్ స్వేచ్ఛగా తిరగాలంటే దాటాల్సిన శక్తి, 3 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర తేలింది. సిలికాన్‌కి 1.1. గది వేడికి 3 వోల్టుల గోడ దూకే ఎలక్ట్రాన్ ఏదీ ఉండదు. అక్కడితో ఆ మోజు చాలావరకు చల్లారింది.

నీటిబొట్టు

అయితే ఎలక్ట్రాన్ ప్రోటీన్‌లో అసలు పోదని కాదు, పోతుంది, కానీ దూకుతూ పోతుంది. రెండు మజిలీల మధ్య 14 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉంటే ఒక్క అంగలో టన్నెల్ చేసేస్తుంది, అంటే గోడ ఎక్కకుండానే అవతలికి చేరిపోతుంది, అంతకన్నా దూరమైతే మధ్యలో ఇంకో మజిలీ కావాలి. డటన్ గ్రూప్ 1999లో మన ఒంట్లో శ్వాసక్రియకి, మొక్కల్లో కిరణజన్య సంయోగక్రియకి వాడే ప్రోటీన్లన్నీ వరసపెట్టి చూస్తే దాదాపు అన్నిట్లో ఈ 14 నియమం కనపడింది. మజిలీ అంటే హీమ్, రాగి, ఇనుము-గంధకం ముద్ద లాంటివి, కొన్నిసార్లు ట్రిప్టోఫాన్, టైరొసిన్. ఫినైల్‌అలనిన్ మీద నుంచి ఎలక్ట్రాన్ లాగడం చాలా కష్టం, అది మజిలీగా పనికి రావడం అరుదు. అందుకే చెల్లి ఫిల్మ్‌లో 100 మైక్రాన్లు, అంటే పది లక్షల ఆంగ్‌స్ట్రామ్‌లు, ఎలక్ట్రాన్ నడిచొచ్చిందంటే నేను నమ్మను.

ఊపిరి తగిలితే పెరిగింది కదా, అసలు జవాబు అక్కడే ఉంది. నీళ్లు.

గట్టుమీదోడు

నీళ్లంటే? ఫిల్మ్ తడిసి నీళ్లలో కరెంట్ పోయినట్టేనా, అంటే పెప్టైడ్ పాత్ర ఏమీ లేనట్టేనా?

నీటిబొట్టు

అలా కాదు, ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి, ఈ సబ్జెక్ట్‌లో నాకు బాగా ఇష్టమైన భాగం ఇది.

హెచ్ ప్లస్ అంటే ప్రోటాన్. మిగతా అయాన్లు నీళ్లలో ఈదాలి, చుట్టూ నీటి అణువుల గుంపుని మోసుకుంటూ ఈదాలి. ప్రోటాన్ ఈదదు. క్యూలో వెనకోడు తోస్తే ముందోడు పడ్డట్టు, ఒక నీటి అణువు మీద ప్రోటాన్ వచ్చి వాలితే ఆ అణువు తన దగ్గరున్న ఇంకో ప్రోటాన్‌ని పక్కదానికి వదిలేస్తుంది, అది ఇంకోదానికి. వచ్చింది వేరు, చివర్న బయటపడింది వేరు. 1806లో గ్రోథస్ అనే ఆయన, నీటి ఫార్ములా కూడా సరిగ్గా తెలియని రోజుల్లో, ఇలాంటిదేదో జరుగుతుందని ఊహించాడు. అందుకే నీళ్లలో ప్రోటాన్ వేగం సోడియం కన్నా ఏడు రెట్లు, పొటాషియం కన్నా ఐదు రెట్లు ఎక్కువ.

మరి పెప్టైడ్ ఏం చేస్తుంది? రెండు పనులు. ఒకటి, ప్రోటాన్‌ని ఇస్తుంది. శుద్ధజలంలో ప్రోటాన్లు కోటికి ఒకటి కూడా లేవు. గ్లుటామిక్, ఆస్పార్టిక్ ఆమ్లాల పక్కగొలుసు 4 పీహెచ్ చుట్టుపక్కలే ప్రోటాన్ వదిలేస్తుంది, ఆ వదిలింది పక్కనున్న నీటికి చిక్కుతుంది. రెండు, నీళ్లని వరసలో కూర్చోబెడుతుంది. లోపలికి చేరిన నీరు చుక్కలా ఉండదు, పోగు ఒంటికి అతుక్కుని ఒకటి రెండు వరసల పొరలా ఉంటుంది.

లైసోజైమ్ (గుడ్డు తెల్లసొనలో ఉండే ఒక ప్రోటీన్) మీద కరేరి గ్రూప్ 1986లో చేసిన పని ఒకటుంది, అది చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఎండిన లైసోజైమ్ పొడికి కొంచెం కొంచెం నీటి ఆవిరి పట్టిస్తూ పోయారు. ప్రోటీన్ గ్రాముకి 0.15 గ్రాముల నీరు చేరేదాకా ఏమీ లేదు, అది దాటగానే ఒక్కసారిగా ప్రోటాన్ల కదలిక ఎగిసింది. ప్రోటీన్ ఒళ్లంతా ఒక పొర నీరు కప్పాలంటే 0.38 గ్రాములు కావాలి. అంటే సగం కూడా తడవకముందే అక్కడక్కడా ఉన్న నీటి మచ్చలు ఒకదానికొకటి తగిలి ఈ కొస నుంచి ఆ కొసకి దారి తెరుచుకుంది. వాన మొదట్లో నేల మీద విడివిడి చుక్కలు పడి పడి ఒక దశలో అన్నీ కలిసిపోతాయే, అలాంటిది. పర్కొలేషన్ అంటారు.

కాబట్టి "నీళ్లా పెప్టైడా" అనే ప్రశ్నే తప్పు. రెండూ ఉంటేనే దారి.

గట్టుమీదోడు

అర్థమైంది, థాంక్స్. చుక్కల పోలిక గుర్తుండిపోతుంది.

ఓమ్‌కారం

నీటిబొట్టు గారు చెప్పింది అక్షరాలా నిజం, కానీ నేనొక రాయి వేస్తా. చెల్లెలి ఫిల్మ్‌లో కదిలేది గ్లుటామిక్ ఇచ్చిన ప్రోటానే అని ఎవరు చెప్పారు? అమ్మాయీ, ఆ పెప్టైడ్ కొన్నదా, చేసిందా?

ల్యాబ్‌లో_కొత్త

కొన్నదే అండీ. సీసా మీద స్వచ్ఛత 95 శాతం పైనే అని ఉంది.

ఓమ్‌కారం

సీసాతో వచ్చిన కాగితం చూడు, "టీఎఫ్ఏ సాల్ట్" అని ఎక్కడో చిన్నగా ఉంటుంది.

ల్యాబ్‌లో_కొత్త

ఉంది!!! ఇన్నాళ్లూ అదేదో ప్యాకింగ్ వివరం అనుకున్నా.

ఓమ్‌కారం

చాలామంది అలాగే అనుకుంటారు. పెప్టైడ్‌ని రెజిన్ మీద ఒక్కో అమినో ఆమ్లం తగిలిస్తూ కట్టాక చివర్లో ట్రైఫ్లోరోఅసిటిక్ ఆమ్లం, అంటే ఆ టీఎఫ్ఏ, పోసి ఊడదీస్తారు, తర్వాత శుద్ధి చేసే కాలమ్‌లో కూడా అదే వాడతారు. నీ పెప్టైడ్‌కి లైసిన్ దగ్గర ఒక ప్లస్, మొదటి కొసన ఒక ప్లస్ ఉంటాయి, వాటికి జతగా టీఎఫ్ఏ అతుక్కుని సీసాలోకి వచ్చేస్తుంది. స్వచ్ఛత 95 అన్నది పెప్టైడ్ ముక్కల్లో సరైన ముక్క ఎంత అని మాత్రమే, ఇది ఆ లెక్కలోకే రాదు. అది బలమైన ఆమ్లం, దాని నెగటివ్ అయాన్ తేమ తగిలితే తిరుగుతుంది, నీ ఫిల్మ్ పీహెచ్‌ని కూడా కిందకి లాగుతుంది. అంటే నువ్వు కొలిచింది పెప్టైడ్ గుణమా, సీసాలో మిగిలిన ఆమ్లం గుణమా తెలీదు.

పోగులు పెద్దవి కదా, అదే నీకు కలిసొచ్చే విషయం. పోగులు అల్లుకున్నాక సెంట్రిఫ్యూజ్‌లో తిప్పు, అడుగున ముద్ద కడుతుంది, పైనీరు తీసేసి కొత్త శుద్ధజలం పోసి కలిపి మళ్లీ తిప్పు. మూడు నాలుగు సార్లు. ప్రతిసారీ పైనీటి కండక్టివిటీ కొలుస్తూ పో, తగ్గడం ఆగిపోయిందాకా. పీహెచ్ కూడా రాసుకో.

ఇంకో రెండు పనులు. పెప్టైడ్ లేని ఉత్త గాజు పలకని అదే డబ్బాలో అదే తేమలో కొలువు, గాజు ఒంటికి కూడా నీరు పడుతుంది. డబ్బాలో తేమ ఎలా పెడుతున్నావ్?

ల్యాబ్‌లో_కొత్త

అడుగున పొటాషియం క్లోరైడ్ తడిముద్ద పెట్టి మూత బిగిస్తున్నా.

ఓమ్‌కారం

శభాష్, అది 84 దగ్గరే నిలుస్తుంది. మెగ్నీషియం క్లోరైడ్ పెడితే 33, మామూలు ఉప్పు 75, పొటాషియం సల్ఫేట్ 97. నాలుగు డబ్బాలు పెట్టుకుని నాలుగు చోట్లా కొలువు. ఒక్కో డబ్బాలో కనీసం ఒక రాత్రి ఉంచు, ఫిల్మ్ నీరు పీల్చుకోవడానికి టైమ్ పడుతుంది.

చిలిపి_ఎలక్ట్రాన్

నా గొడవ కూడా వినండి, ఎవరికైనా ఉపయోగపడుతుంది. నేను పీహెచ్‌డీలో ఉండగా ఒక ప్రోటీన్ ఫిల్మ్ రాత్రికి రాత్రి వెయ్యి రెట్లు కండక్ట్ చేసింది. ఇంటికి ఫోన్ చేసి చెప్పేశా కూడా. గ్రూప్ మీటింగ్‌లో స్లైడ్ వేశా, చప్పట్లు. నాలుగో రోజు ఎందుకో మైక్రోస్కోప్ కింద పెడితే ఒక ఎలక్ట్రోడ్ నుంచి రెండో దానికి నల్లగా ఫెర్న్ ఆకులా కొమ్మలు కొమ్మలుగా పాకి ఉంది. ఎలక్ట్రోడ్ సిల్వర్ పేస్ట్‌తో వేశా కదా, తేమలో డీసీ పెట్టేసరికి వెండి కరిగి అయానై అవతలికి వెళ్లి మళ్లీ వెండిగా మొలిచింది. నేను కొలిచింది వెండి తీగ! ఆ స్లైడ్ ఇప్పటికీ దాచుకున్నా, అహం పెరిగినప్పుడల్లా తెరిచి చూసుకుంటా.

తేమ ఉన్న చోట సిల్వర్ పేస్ట్ వాడకండి, అంతే చెప్పేది.

సూక్ష్మజీవి

😂 అన్నా, ఇది మాత్రం క్లాసులో చెప్పాలి.

సరే నేనూ ఒక మెట్టు దిగుతా. గాలిలో తేమ నుంచి కరెంట్ తీసిన పరికరం గుర్తుందా, 2020లో జియోబాక్టర్ తీగలతో చేసింది? 7 మైక్రాన్ల ఫిల్మ్, పైనంతా గాలికి తెరిచి పెడితే 0.5 వోల్టులు నిలకడగా వచ్చింది. అప్పుడు నేను ఇది ప్రోటీన్ తీగల మహత్యమే అని అందరితో వాదించా. 2023లో అదే యూనివర్సిటీ వాళ్లే, 100 నానోమీటర్ల కన్నా చిన్న రంధ్రాలున్న పదార్థం ఏదైనా సరే ఈ పని చేస్తుందన్నారు. అంటే అక్కడ కూడా ఆట ఆడింది నీరే.

నీటిబొట్టు

ఇంత హుందాగా ఒప్పుకునేవాళ్లు ఈ వేదికలో తక్కువ. మీకు నా వంతుగా ఒకటి ఇస్తా: కేబుల్ బాక్టీరియా. సముద్రం అడుగు బురదలో వేల కణాలు వరసగా అతుక్కుని సెంటీమీటర్ల పొడుగు దారంలా ఉంటాయి, ఒక కొసన సల్ఫైడ్ నుంచి ఎలక్ట్రాన్ తీసి పైకొసన ఆక్సిజన్‌కి ఇస్తాయి. దాని లోపలి పోగులు సెంటీమీటరుకి పదుల సీమెన్స్ దాకా కండక్ట్ చేస్తాయి, అది తడి వల్ల కాదు, నిఖార్సైన ఎలక్ట్రాన్ కరెంటే. అక్కడ నికెల్ ఉంది, గంధకంతో ముడిపడి. మళ్లీ లోహమే దొరికింది చూడండి, కానీ ప్రోటీన్ లేకపోతే ఆ లోహం అంత దూరం వరసలో నిలబడదు.

గట్టుమీదోడు

ప్రోటాన్ వైపు ఇప్పటిదాకా బాగా చేసింది ఎవరు? ఎలక్ట్రాన్ వైపే అందరూ మాట్లాడతారు.

నీటిబొట్టు

స్క్విడ్. దాని చర్మం రంగులు మార్చడానికి వాడే రిఫ్లెక్టిన్ అనే ప్రోటీన్‌ని 2014లో గొరొడెట్‌స్కీ గ్రూప్ ఫిల్మ్‌గా వేసి కొలిస్తే 65 డిగ్రీల దగ్గర 2.6 మిల్లీసీమెన్స్ వచ్చింది. వాళ్ల పని నాకు నచ్చింది అంకె వల్ల కాదు, వాళ్లు వేసిన ప్రశ్నల వల్ల. ఆమ్లపు అమినో ఆమ్లాలు తీసేసి అలనిన్ పెట్టిన రకం చేసి కొలిచారు, తగ్గింది. భారజలం (హైడ్రోజన్ బదులు దాని బరువైన రూపం డ్యుటీరియం ఉన్న నీరు, ప్రోటాన్ గెంతు అందులో నెమ్మదిస్తుంది) ఆవిరిలో కొలిచారు, తగ్గింది. పెల్లేడియం ఎలక్ట్రోడ్లు పెట్టారు. 2016లో ఆవు రక్తంలోని అల్బుమిన్‌తో సెంటీమీటర్ల పొడుగు చాప లాంటిది నేసి 50 మైక్రోసీమెన్స్ చూపించారు ఇంకో గ్రూప్ వాళ్లు. అది తక్కువే, కానీ ఆ ప్రోటీన్ ఎక్కడైనా కిలోల లెక్కన దొరుకుతుంది. అదే ఏడాది షార్క్‌ల ముక్కు దగ్గర విద్యుత్తుని పసిగట్టే లోరెంజినీ గొట్టాల్లోని జెల్లీ కూడా 2 మిల్లీసీమెన్స్ దగ్గర తేలింది, అయితే అందులో పనిచేసేది కెరటన్ సల్ఫేట్ అనే చక్కెర గొలుసు అనుకుంటున్నారు, ప్రోటీన్ కాదు.

ల్యాబ్‌లో_కొత్త

పెల్లేడియం ఎందుకు? ఆ ఒక్కటి అర్థం కాలేదు.

ఓమ్‌కారం

బంగారం ప్రోటాన్‌కి మూసిన తలుపు అనుకున్నాం కదా, పెల్లేడియం తెరిచిన తలుపు. అది హైడ్రోజన్‌ని స్పాంజిలా పీల్చుకుంటుంది. చుట్టూ హైడ్రోజన్ ఇస్తే లోహం హైడ్రైడ్‌గా మారి, ఒకవైపు ప్రోటాన్‌ని ఫిల్మ్‌లోకి వదిలి ఎలక్ట్రాన్‌ని వైరుకి ఇస్తుంది, రెండోవైపు ప్రోటాన్‌ని తీసుకుని ఎలక్ట్రాన్‌తో కలిపేస్తుంది. కాబట్టి ప్రోటాన్ కరెంట్ ఆగకుండా పారుతుంది. పొటాషియం, క్లోరైడ్, టీఎఫ్ఏ లాంటివాటికి మాత్రం పెల్లేడియం కూడా మూసిన తలుపే. 5 శాతం హైడ్రోజన్ కలిపిన నైట్రోజన్ సిలిండర్ చాలు, స్వచ్ఛమైన హైడ్రోజన్ జోలికి పోవద్దు.

ల్యాబ్‌లో_కొత్త

మూడు వారాల తర్వాత వచ్చా, సారీ, సెమిస్టర్ పరీక్షలు అడ్డొచ్చాయి.

కడిగిన ఫిల్మ్, అదే 84 శాతం తేమ, అవే ఎలక్ట్రోడ్లు: 20 మెగా ఓమ్‌లు కాస్తా 160 అయ్యాయి. కరెంట్ ఎనిమిది రెట్లు తగ్గిపోయింది!! అంటే నేను రాసెయ్యబోయిన దాంట్లో ముప్పాతిక పైన టీఎఫ్ఏ పుణ్యమే. ఆ రోజు నిజంగా ఏడుపొచ్చింది. ఇంకా ఉంది, ఉత్త గాజు పలక కొలిస్తే 300 మెగా ఓమ్‌లు. అంటే 160లో గాజు వాటా కూడా ఉంది. అది తీసేస్తే పెప్టైడ్‌కి మిగిలేది సుమారు 340, లెక్కేస్తే సెంటీమీటరుకి 0.6 మైక్రోసీమెన్స్. 10 నుంచి 0.6 కి వచ్చా.

33 శాతం తేమలో గాజుకీ ఫిల్మ్‌కీ తేడానే లేదు. 97లో బాగా పెరిగింది.

0.2 వోల్టులు పెట్టి అరగంట చూస్తే కరెంట్ మొదటి నిమిషంలోనే సగానికి పడి, చివరికి పదో వంతు మిగిలింది. బంగారం మీద.

ఓమ్‌కారం

ఏడవాల్సింది ఏముంది తల్లీ, 10 అబద్ధం, 0.6 నీది. శుద్ధజలం కన్నా ఇప్పటికీ పది రెట్లు ఎక్కువే, అదీ ఎండిన ఫిల్మ్‌లో. కరెంట్ పడిపోయింది కాబట్టి ఎలక్ట్రాన్ కాదని తేలిపోయింది. మిగిలిన ఆ పదో వంతు కూడా ఎలక్ట్రానే అని రాయకు, అందులో చిన్నచిన్న రియాక్షన్లు కూడా ఉంటాయి.

చిలిపి_ఎలక్ట్రాన్

భారజలం చేశావా?

ల్యాబ్‌లో_కొత్త

చేశా అన్నా. పోగుల్ని భారజలంలోనే కడిగి, డబ్బాలో ఉప్పు కూడా భారజలంతోనే కలిపి, మూడు రోజులు ఉంచా. దాని గాజు పలకని విడిగా కొలిచి తీసేశా. మామూలు నీటితో పోలిస్తే 1.37 రెట్లు తక్కువ వచ్చింది. ప్రోటాన్‌కి 1.4 దాకా రావాలని చదివా కాబట్టి సరిపోయినట్టే కదా?

నీటిబొట్టు

దగ్గరగా ఉంది, కానీ అక్కడే ఆగొద్దు. భారజలం మామూలు నీటికన్నా 20 శాతం పైన చిక్కగా ఉంటుంది, మామూలు ఉప్పు అయాన్లు కూడా అందులో 1.2 రెట్లు నెమ్మదిస్తాయి. 1.37 అనేది ప్రోటాన్ వైపు చెయ్యి చూపిస్తోంది, సంతకం మాత్రం పెట్టట్లేదు. ఒకే ఫిల్మ్‌తో చేశావా?

ల్యాబ్‌లో_కొత్త

మూడు ఫిల్మ్‌లు. 1.29, 1.37, 1.46. మధ్యది చెప్పా.

నీటిబొట్టు

మూడూ రాయి, మధ్యది ఒక్కటే కాదు. పెల్లేడియం దొరికితే అదే తేలుస్తుంది.

ల్యాబ్‌లో_కొత్త

పక్క డిపార్ట్‌మెంట్‌లో వేయించుకున్నా, నిన్న రాత్రి రన్ అయింది. ముందు ఉత్త తడి నైట్రోజన్‌లో పెడితే బంగారంలాగే కరెంట్ పడిపోయింది. తర్వాత 5 శాతం హైడ్రోజన్ కలిపినది వదిలా. కాసేపు ఏమీ లేదు, పెల్లేడియం నింపుకుంటోందేమో, తర్వాత కరెంట్ మెల్లగా లేచి ఒక చోట నిలబడింది. పది నిమిషాలు, ఇరవై, నలభై, గీత అలాగే ఉంది. హైడ్రోజన్ ఆపి నైట్రోజన్ ఇస్తే మళ్లీ పడింది. మళ్లీ ఇస్తే మళ్లీ లేచింది. మూడుసార్లు చేశా, నాలుగోసారి ఊరికే చూడ్డానికి చేశా.

చిలిపి_ఎలక్ట్రాన్

ఆ నాలుగోసారి నాకు తెలుసు ❤️

ఓమ్‌కారం

ఇప్పుడు రాసెయ్. మీ గైడ్ ఏమన్నారు?

ల్యాబ్‌లో_కొత్త

10 పోయి 0.6 అయిందంటే ముందు మొహం మాడ్చుకున్నారు, హైడ్రోజన్ గ్రాఫ్ చూపించాక కుర్చీ లాక్కుని కూర్చుని గంట మాట్లాడారు. ప్రోటాన్ వచ్చింది గ్లుటామిక్ నుంచేనా అని ఇప్పుడు ఆయనే అడుగుతున్నారు. అందుకని గ్లుటామిక్ బదులు, ప్రోటాన్ వదలని గ్లుటమిన్ పెట్టిన అదే ఏడు ముక్కల పెప్టైడ్ ఆర్డర్ పెట్టాం. టీఎఫ్ఏ తీసేసి పంపమని ఫారంలో రెండు చోట్ల రాశా, ఫోన్ చేసి ఇంకోసారి చెప్పా.